రేగిచెట్టు కింద ఖాళీ గుడి

మొన్న మధ్యాహ్నం కింది ఫ్లాట్ వాళ్ల పాప మా బాల్కనీలో గుడి ఆట ఆడుకుంటోంది. దానికి నాలుగేళ్లు. తల్లి ఆఫీసు నుంచి వచ్చేదాకా నా దగ్గరే ఉంటుంది. బిస్కెట్ల అట్టపెట్టెను నిలబెట్టి, దాని రెక్కలు తలుపుల్లా తెరిచి, ముందు నా చెప్పులు జతగా పెట్టి, "ఆంటీ, దణ్ణం పెట్టుకో" అంది. వంగి చూస్తే పెట్టెలో ఏమీ లేదు. "దేవుడేడే?" అన్నాను. "ఉన్నాడుగా" అంది, ఈ ముసలిదానికి కళ్లు కూడా పోయాయా అన్నట్టు. నా చెయ్యి దానంతటదే పక్కన పడి ఉన్న ప్లాస్టిక్ ఏనుగు మీదికి వెళ్లింది, తీసి లోపల పెడదామని. సగం దూరంలో ఆగిపోయింది. బాల్కనీలో మేమిద్దరమే ఉన్నాం, నన్ను చూసేవాళ్లెవరూ లేరు. అయినా మొహమంతా వేడెక్కింది. బుద్ధిగా దణ్ణం పెట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. పన్నెండేళ్లుగా నాతో ఉన్న సిగ్గు అది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయికి చెప్పక్కర్లేదు, అది అప్పుడు పక్కనే ఉంది.

అప్పట్లో ఇక్కడే ఒమాన్‌లో, మస్కట్ నగరం అల్ ఖువైర్‌లో, గవర్నమెంటు ఆఫీసుల వెనక వీధుల్లో, ఒక కాంపౌండ్‌లో ఉండేవాళ్లం. ఒకే ప్రహరీలో ఆరు విల్లాలు. విల్లా అంటే కాకినాడలో మా వాళ్లు ఏ సినిమా బంగళానో ఊహించుకున్నారు గానీ, ఉన్నవి రెండు గదులూ ఒక వంటిల్లూ, జూన్ నెలలో కుళాయి తిప్పితే టీ పెట్టుకోవచ్చేమో అనిపించేంత వేడి నీళ్లూ. మా ఆయన దగ్గర్లోనే ఒక కన్సల్టెంట్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. నేను మధ్యాహ్నం పూట చుట్టుపక్కల ఇళ్ల పిల్లల్ని చూసుకునేదాన్ని. ఇంటి యజమాని డెబ్బై దాటిన ఒమానీ పెద్దాయన. ఆయన మాలో ఎవరికీ ఉద్యోగం ఇవ్వకపోయినా అందరం అర్బాబ్ అనే పిలిచేవాళ్లం. నీడ ఇచ్చినవాడూ యజమానే కదా. కాళ్ల దాకా ఉండే తెల్లటి దిష్‌దాషా వేసుకుని, చేతికర్రతో, సాయంత్రం నమాజు నుంచి వస్తూ కాంపౌండ్ అంతా ఒక చుట్టు తిరిగి వెళ్లేవారు. పెద్దగా మాట్లాడేవారు కాదు. మేమూ ఆయన్ని చూస్తే స్కూలు ఇన్‌స్పెక్టర్ని చూసినట్టు సర్దుకునేవాళ్లం.

విల్లాల వెనక, నీళ్ల ట్యాంకుకీ ప్రహరీకీ మధ్య ఒక మూల ఉండేది. అక్కడో పెద్ద రేగిచెట్టు. ఇక్కడివాళ్లు దాన్ని సిద్ర్ అంటారు, గౌరవంగా చూస్తారు. నాకు మాత్రం అది ఒట్టి రేగిచెట్టే. మొదటిసారి కాయలు చూసి, ఇంత దూరం వచ్చి నువ్విక్కడున్నావా అనుకున్నాను. విరిగిన కుర్చీలూ, పాత పెయింటు డబ్బాలూ, ఎవరిదో తెలియని పిల్లల సైకిలూ దాని కిందే చేరేవి. ఏసీ పైపొకటి గోడ మీంచి వచ్చి రోజంతా అక్కడ బొట్లుబొట్లుగా నీళ్లు కార్చేది.

ఆ యేడు అయిదో నంబరు విల్లాలోకి ఒక జపాన్ కుటుంబం వచ్చింది. ఆయన సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటులో ఇంజనీరు. ఆవిడకీ అక్కడే ఆఫీసులో పని. ఎనిమిదేళ్ల ఆడపిల్ల, దాని తమ్ముడు నాలుగేళ్లవాడు. స్కూలు బస్సు దిగినప్పటి నుంచి అయిదింటి దాకా ఇద్దరూ నా దగ్గర ఉండేవాళ్లు. ఆ పిల్ల ఎంత బుద్ధిమంతురాలంటే, నాకు మొదటి వారం భయం వేసింది. చెప్పులు విప్పితే రెండూ గుమ్మం వైపు తిరిగి, గీత గీసినట్టు ఉండేవి. పక్కనే మా అమ్మాయి చెప్పులు, ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ. మా దానికి ఏడేళ్లు. ఇద్దరూ స్కూలు ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా మాట్లాడుకునేవాళ్లు, నేను నా కాకినాడ ఇంగ్లీషు కలిపేదాన్ని. ఎలాగో అందరికీ అన్నీ అర్థమయ్యేవి.

ఒకరోజు దిబ్బరొట్టె తింటూ ఆ పిల్ల, "ఆంటీ, ఇక్కడ దగ్గర్లో గుడి లేదా?" అని అడిగింది. పాత మస్కట్‌లో ఉంది, కారులో వెళ్లాలి, శుక్రవారం చాలా జనం ఉంటారు అని చెప్పాను. అలాంటిది కాదంది. కాగితం మీద బొమ్మ వేసింది. వాళ్ల ఊళ్లో, వాళ్ల వీధిలో, సైకిళ్లు బాగుచేసే కొట్టుకీ ఒక ఇంటికీ మధ్య చిన్న గుడి. ఎర్రగా ఒక ద్వారం, లోపల కొంచెం చోటు, ఒక చెట్టు, చెక్కతో చేసిన చిన్న ఇల్లు. అంతే. పూజారి లేడు. వీధివాళ్లే వంతులు వేసుకుని ఊడుస్తారు. నాయనమ్మ రోజూ స్కూలుకి తీసుకెళ్తూ, ముందు ఈ పిల్లని అక్కడికి తీసుకెళ్లేదట. ఇక్కడికి వచ్చాక పొద్దున్నే లేచి బస్సెక్కడమే, మధ్యలో ఎక్కడా ఆగడం లేదట. "ఆగకపోతే రోజు మొదలైనట్టు ఉండదు" అంది. ఎనిమిదేళ్ల పిల్ల ఆ మాట అంటే నవ్వొచ్చింది.

మర్నాటి నుంచి నా చీపురు కనిపించడం మానేసింది. చూస్తే ఆ పిల్ల రేగిచెట్టు కింద ఊడుస్తోంది. వరసగా నాలుగు రోజులు, ఊడవడమే. విరిగిన కుర్చీలు ఒక పక్కకి చేర్చింది. సైకిలు మా అమ్మాయికి దక్కింది. అయిదో రోజు మా వంటింట్లోకి వచ్చి, గేటు ఎవరు చేస్తారని అడిగింది. పక్క ప్లాటులో కొత్త బిల్డింగు లేస్తోంది. ఆ సైట్‌లో జగిత్యాల వైపు అబ్బాయి ఒకడు షటరింగ్ కార్పెంటర్, తెలుగు వినిపించిందని మా ఇంటికి చల్లని నీళ్లకు వచ్చేవాడు. అతనికి బొమ్మ చూపించాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింతేనా అక్కా? రెండు నిలువులు, రెండు అడ్డాలు. సైట్ల చెక్క ముక్కలు మస్తున్నయ్. డ్యూటీ అయినంక చేసిస్త తియ్" అన్నాడు. రెండు రోజుల్లో నా భుజం ఎత్తు గేటు నిలబడింది. ఇనప చువ్వలకు పూసే రెడ్ ఆక్సైడ్ మిగిలితే అదే పూశాడు. అడక్కుండానే మరో రోజు పావురాల గూడంత చెక్క ఇల్లు కూడా చేసి తెచ్చాడు, రెండు చిన్న తలుపులు పెట్టి. ఆ పిల్ల రెండు చేతులతో అందుకుని అతనికి నడుం దాకా వంగి దణ్ణం పెట్టింది. "అరే, నాకెందుకు బిడ్డా" అని పాపం, అతను కూడా వంగాడు.

గేటు నిలువులకు ఒక తాడు కట్టి, తెల్ల కాగితాలు మెట్లుమెట్లుగా మడిచి వేలాడదీసింది. ఏసీ పైపు కింద ఒక బకెట్టు, ఒక మగ్గు పెట్టింది. తర్వాత మాకు పాఠం చెప్పింది. గేటు ముందు ఒకసారి వంగాలి. మధ్యలోంచి నడవకూడదు, అది దేవుడి దారి, మనం పక్కనుంచి వెళ్లాలి. మగ్గుతో ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కోవాలి. చెక్క ఇంటి ముందు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, కళ్లు మూసుకుని మన పేరూ, మన ఇల్లెక్కడో చెప్పాలి. "అది చెప్పకపోతే దేవుడికి మనమెవరో ఎలా తెలుస్తుంది?" అంది. ఏమైనా అడగాలంటే ఆ తర్వాతే. చివర ఇంకోసారి వంగాలి. మా అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుని, పేరు చెప్పి, అల్ ఖువైర్ అని చెప్పి, పోస్ట్ బాక్స్ నంబరు కూడా చెప్పింది. ఈ దేశంలో అడ్రసంటే అదేనని స్కూల్లో నేర్పారు మరి. తమ్ముడికి మాత్రం చప్పట్లు రెండుతో ఆపడం చేతనయ్యేది కాదు, అక్క చేతులు పట్టుకుని ఆపేదాకా కొడుతూనే ఉండేవాడు.

అలా రోజూ నాలుగున్నరకి, ఎండ ట్యాంకు వెనక్కి దిగాక, ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటి వెనకున్న గుడికి వెళ్లడం నాకు అలవాటైంది. ముప్ఫై అడుగుల ప్రయాణమే. అయినా జుట్టు దువ్వుకుని వెళ్లేదాన్ని. మంత్రం లేదు, హారతి లేదు, గంట లేదు, ఎవరూ ఎవర్నీ తోయరు. వెళ్లి నిలబడి, మనమెవరో చెప్పుకుని రావడం. నిజం చెప్పాలంటే నాకు చాలా హాయిగా ఉండేది. రోజంతా అమ్మననీ, ఆంటీననీ, ఫలానావారి భార్యననీ తిరిగినదాన్ని, అక్కడ నా పేరు నేను పలికేదాన్ని. ఒకటి రెండుసార్లు అర్బాబ్ ట్యాంకు పక్కన ఆగి మమ్మల్ని చూడటం గమనించాను. కొంగు సర్దుకున్నాను. ఆయన కాసేపు చూసి తన దారిన వెళ్లిపోయారు.

ఆ హాయి అలా ఉండనిస్తే నేను నేనెందుకవుతాను? చెక్క ఇంటి తలుపులు ఎప్పుడూ మూసే ఉండేవి. ఆ పిల్ల తెరిచేది కాదు, తెరవకూడదని మాకూ చెప్పింది. లోపల ఏం పెట్టి ఉంటుందా అని నాకు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు పొద్దున్న పిల్లలు స్కూలుకి వెళ్లాక, బట్టలు ఆరేసే వంకతో వెళ్లి, గోటితో తలుపు లాగి చూశాను. ఏమీ లేదు. చెక్క వాసన తప్ప ఏమీ లేదు. అయ్యో అనిపించింది. ఇన్నాళ్లూ ఖాళీ డబ్బాకా నేను నా పేరు చెప్పుకుంది? రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి చెబితే, "ఖాళీగా ఉంటే నీకేం నొప్పి?" అన్నారు, పెరుగు కలుపుకుంటూ. నొప్పే. గోదావరి జిల్లాలో పుట్టినదాన్ని, దారి పక్కన కాస్త నున్నటి రాయి కనిపిస్తే పసుపు రాయకుండా ఊరుకోలేని జాతి మాది.

మూడో విల్లాలో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసే కడప అక్క ఉండేది. నాకంటే పదేళ్లు పెద్దది, మంచి మనిషి, కష్టాలు పడ్డ మనిషి. తనతో ఈ మాట అన్నాను. అక్క బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "దేవుడు లేని గుడికి పిల్లోళ్ల చేత దండం పెట్టిస్తాండావా సెల్లెలా? ఖాళీ ఇల్లు ఖాళీగా యాడుంటాది? ఏదో ఒగటి వచ్చి కూసుంటాది. నీకు ఆడబిడ్డ ఉండాది, సూసుకో" అంది. సరిగ్గా ఆ వారాంతం సెలవుకి జపాన్ వాళ్లు సూర్ వైపు తాబేళ్లను చూడటానికి వెళ్లారు. అంతకుముందు బుధవారమే మా అమ్మాయికి జ్వరం వచ్చింది. రెండు రోజులు నూట రెండు దిగలేదు. ఇంక నాకు వేరే ఆలోచనే లేదు.

శుక్రవారం పొద్దున్న మేమిద్దరం పని మొదలుపెట్టాం. వాదీలోంచి, అంటే ఎండిన వాగులోంచి, ఎప్పుడో ఏరుకొచ్చిన నున్నటి రాయి ఒకటి మా గుమ్మంలో ఉండేది. దాన్ని కడిగి, పసుపు ముద్ద చేసి పూసి, కుంకుమ బొట్టు పెట్టి, చెక్క ఇంట్లో కూర్చోబెట్టాం. రాయి పెద్దదై తలుపులు మూసుకోలేదు. అమ్మవారికి తలుపులేమిటని స్క్రూడ్రైవర్‌తో రెండు తలుపులూ ఊడదీశాను. తెల్ల కాగితాలు అశుభంగా కనిపించాయి, తీసేసి ప్లాస్టిక్ బంతిపూల తోరణం కట్టాను. వేలాడే దీపం ఒకటి నా దగ్గర ఉంది. దానికోసం రేగిచెట్టు మానుకి, నా ఎత్తులో, ఇంత పొడుగు మేకు దిగ్గొట్టాను. మొదటి దెబ్బ పక్కకి పోయింది, బెరడు లేచింది. రెండో చోట కొట్టాను. కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, పిల్ల చేత దణ్ణం పెట్టించి, బొట్టు పెట్టి తీసుకెళ్లి పడుకోబెట్టాను. సాయంత్రానికి జ్వరం దిగింది. "మందు వేసి మూడు రోజులైంది, దిగదా? ఆ పారాసిటమాల్‌కి కూడా ఓ కొబ్బరికాయ కొట్టు" అన్నారు మా ఆయన. నేను విననే లేదు. కడప అక్క అప్పటికే ఆ నోటా ఈ నోటా చెప్పేసింది. రాత్రికి ఇంకో నలుగురు ఆడవాళ్లు వచ్చి గాజులూ ఎర్రగుడ్డలూ కొమ్మలకు కట్టి వెళ్లారు. నేనే దగ్గరుండి అందరికీ చక్కెర పొంగలి పెట్టాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు చూడండి, కొత్త పూజారమ్మ సంగతీ అంతే.

మర్నాడు మధ్యాహ్నం జపాన్ వాళ్లు తిరిగొచ్చారు. ఆ పిల్ల సంచి కూడా దించకుండా నేరుగా వెనక్కి వెళ్లింది. నేను వెంట వెళ్లాను, నవ్వుతూనే, మెచ్చుకుంటుందని. ఆ పిల్ల గేటు ముందు ఆగింది. తోరణం వంక చూసింది. వంగింది. పక్కనుంచి నడిచింది. చేతులు కడుక్కుంది. చెక్క ఇంటి లోపలికి తొంగి చూసింది.

"ఆంటీ, వీరెవరు?" అంది.

"అమ్మవారమ్మా. నీ గుడికి దేవత వచ్చింది" అన్నాను.

ఆ పిల్ల తలూపింది. రెండుసార్లు వంగింది, రెండుసార్లు చప్పట్లు కొట్టింది. కళ్లు మూసుకుని తన పేరు చెప్పింది, అయిదో నంబరు విల్లా అని చెప్పింది, కొత్తగా వచ్చినవారికి మొదటినుంచి పరిచయం చేసుకున్నట్టు. ఇంకోసారి వంగింది. తర్వాత నా వైపు తిరిగి, "ముందు ఉన్నవారిని ఎక్కడ పెట్టారు?" అని అడిగింది.

"ముందు ఎవరూ లేరు కదమ్మా. ఖాళీయే కదా" అన్నాను.

"మీరు తెరిచి చూశారా?"

ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే. అవును చూశాను తల్లీ, తప్పయింది అంటే అయిపోయేది. ఏమంటుంది ఆ పిల్ల? మహా అయితే ఏడుస్తుంది, దగ్గరికి తీసుకుంటే సరిపోయేది. నేను మాత్రం, "లేదమ్మా, గాలికి తలుపు తెరుచుకుంది. అప్పుడు కనపడింది" అన్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేతకి అన్నాడట వెనకటికొకడు. వాణ్ణైనా అడిగింది పెద్దవాళ్లు. నేను ఎనిమిదేళ్ల పిల్లతో చెప్పాను. ఊడదీసిన తలుపులు నా కాళ్ల దగ్గరే గోడకి ఆనించి ఉన్నాయి, వాటి మీద నాలుగు స్క్రూలు బుద్ధిగా పెట్టి ఉన్నాయి. ఆ పిల్ల వాటిని చూసింది. "ఓకే ఆంటీ" అని చీపురు తెచ్చుకుంది.

ఆ వారమంతా ఊడుస్తూనే ఉంది. కొబ్బరి పీచు, అగ్గిపుల్లలు, కాలిన వత్తులు, పొంగలి అంటుకున్న కాగితం ప్లేట్లు. పొద్దున ఎవరో ఒకరు వచ్చి వెళ్లేవారు, మధ్యాహ్నం ఆ పిల్ల శుభ్రం చేసేది. నాలుగున్నరకి మాతో పాటు నిలబడేది గానీ, చప్పట్లు వినపడీ వినపడనట్టు కొట్టేది. ఏం చెప్పుకునేదో నేనడగలేదు. మా అమ్మాయి ఒకసారి, "అమ్మా, తనకి ఇలా ఇష్టం లేదు" అంది. "నీకు జ్వరం ఎలా తగ్గిందనుకుంటున్నావు?" అని కసిరాను. నాకూ లోపల తెలుస్తూనే ఉంది. కానీ అప్పటికి ఆరుగురు ఆడవాళ్లు నన్ను చూసి నమస్కారం పెడుతున్నారు. అది వదులుకోబుద్ధి కాలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.

తర్వాతి శనివారం సాయంత్రం, వారం రోజులుగా ఊళ్లో లేని అర్బాబ్ వచ్చారు. ముగ్గురు పిల్లలూ నేనూ చెట్టు కిందే ఉన్నాం. ఆ పిల్ల చేతిలో చీపురు. ఆయన ముందు గోడ మీది మసి చూశారు. కొమ్మలకున్న గాజులు చూశారు. అప్పుడు చెట్టు మొదలు దగ్గరికి వెళ్లి, మేకునీ, దాని పక్కన బెరడు లేచిన చోటునీ వేలితో తడిమారు. వేలు తీయలేదు. "సిద్ర్‌కి మేకు కొట్టింది ఎవరు?" అన్నారు హిందీలో. అరవలేదు. అరిచినా బాగుండేది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేతులు కొంగులో దాక్కున్నాయి. ఇల్లు ఖాళీ చేయమంటారేమో, జనాన్ని పోగేసి పూజలు చేయిస్తున్నానని మా ఆయన ఆఫీసుకి మాట వెళ్తుందేమో, ఇవన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. భయం వేసిందని చెప్పుకుంటే సగం నిజం. మిగతా సగం, ఆ పెద్దాయన కళ్లలో చెడ్డదాన్ని కావడం నాకిష్టం లేదు. "పిల్లల ఆట అర్బాబ్" అన్నాను. ఆయన ఇంకా నా వైపే చూస్తున్నారు. పిల్లలంటే ఎవరని. నేను నోటితో పేరు చెప్పలేదు. చూపు మాత్రం ఆ పిల్ల వైపు తిప్పాను. అది చాలింది.

ఆయన ఆ పిల్ల వైపు తిరిగారు. ఆ పిల్ల నన్ను చూసింది. ఎంతసేపో కాదు, మహా అయితే ఒక్క ఊపిరి. చీపురు నేల మీద పెట్టి, రెండు చేతులూ ఒంటికి ఆనించుకుని, నడుం దాకా వంగి, "సారీ సర్" అంది. వంగినది వంగినట్టే ఉంది. తమ్ముడు అక్కని చూసి వాడూ వంగాడు. మా అమ్మాయి నోరు తెరవబోతే దాని మోచెయ్యి నొక్కి పట్టుకున్నాను.

పెద్దాయన గొంతు మెత్తబడింది. "చెట్టుకి నొప్పి ఉంటుంది బేటీ. దీన్ని మా అమ్మ నాటింది. ఇంకెప్పుడూ అలా చెయ్యకు" అన్నారు. తర్వాత నాతో, "మంట వద్దు, గుంపు వద్దు. ఈ గేటు ఉండనీ. ముందు రోజూ చూసేవాణ్ణి, పిల్లలు వచ్చి ఊరికే నిలబడి వెళ్లేవారు. బాగుండేది. మళ్లీ అలాగే ఉండనీ" అన్నారు. అంతే. ఎవరినీ ఖాళీ చేయమనలేదు, ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. నేనే కొట్టాను అర్బాబ్ అని ఉంటే నాతో కూడా ఆ గొంతుతోనే మాట్లాడి ఉండేవారు. అది అప్పుడే, అక్కడే, నాకు తెలిసిపోయింది. అయినా నోరు విప్పలేదు.

గేటు ఉండొచ్చని ఆయన అన్నా, మర్నాడు పొద్దున్నకి లేదు. ఆ పిల్ల నాన్న గేటునీ చెక్క ఇంటినీ రాత్రే విప్పేశారు. రాయిని కడిగి, మెత్తటి గుడ్డ మీద మా గుమ్మం పక్కన పెట్టి వెళ్లారు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మా తలుపు తట్టారు. చేతిలో ఖర్జూరాల పెట్టె, తెల్ల కాగితంలో ఎక్కడా మడత నలగకుండా చుట్టి ఉంది. పక్కన ఆ పిల్ల, తల దువ్వుకుని, స్కూలు బూట్లు వేసుకుని. అప్పటికే అర్బాబ్ ఇంటికీ మిగతా విల్లాలకీ వెళ్లొచ్చారట, మాదే చివరిది. తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకేసారి వంగారు. "మా అమ్మాయి వల్ల మీ అందరికీ ఇబ్బంది కలిగింది. క్షమించండి. మీరు తనని ఇంత బాగా చూసుకుంటున్నారు, అందుకు కూడా చాలా సిగ్గుగా ఉంది" అన్నారాయన, ఇంగ్లీషులో, ఒక్కో మాటా ఏరుకుంటూ. ఆయనకి సిగ్గుగా ఉందట!

ఆ పిల్ల ఇంట్లో నిజం చెప్పలేదని అప్పుడర్థమైంది. చెప్పడానికి అదే ఆఖరి అవకాశం అని కూడా తెలుసు. నేను రెండు చేతులూ చాచి ఆ పెట్టె అందుకున్నాను. అందుకుని, "పర్లేదండీ, పిల్లలు కదా" అన్నాను.

తలుపు వేశాక మా అమ్మాయి, "నువ్వే కదమ్మా కొట్టావు" అంది. "నోర్మూసుకుని తిను" అని ఒక ఖర్జూరం దాని చేతిలో పెట్టాను. తినలేదు. బల్ల మీద పెట్టి వెళ్లి పడుకుంది. మా ఆయన ఆ ఖర్జూరాన్నీ, నన్నూ చూశారు. ఆయన నన్ను ఏమైనా అనకుండా వదిలిపెట్టిన రాత్రి మా కాపురంలో అదొక్కటే. పెట్టె మొత్తం కడప అక్కకి ఇచ్చేశాను. "మంచి పండ్లు సెల్లెలా, నువ్వొగటన్నా తినలేదే" అంది అక్క. నాకు పడవని చెప్పాను. అప్పటికి అబద్ధాలు సులువుగానే వస్తున్నాయి.

ఆ పిల్ల తర్వాత కూడా నాలుగు నెలలు నా దగ్గరికి వచ్చింది. ఏమీ మారలేదు. చెప్పులు అలాగే గీత గీసినట్టు విప్పేది, దిబ్బరొట్టె తిని థాంక్యూ చెప్పేది, మా అమ్మాయికి కాగితంతో పక్షులు చేసిచ్చేది. ఒక్కటే తేడా. మంచినీళ్లకి ఫ్రిజ్ తెరవాలన్నా నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, తెరవొచ్చా?" అని అడిగేది. అంతకుముందు అడిగేది కాదు. దెప్పిపొడవడానికి అడిగిందని నేననుకోను, ఆ వయసుకి, ఆ పిల్లకి అది రాదు. బహుశా నా ఇంట్లో పద్ధతులు తనకి సరిగ్గా తెలియలేదని అనుకుని ఉంటుంది. "తెరువమ్మా, నీ ఇల్లే కదా" అనేదాన్ని.

జూన్‌లో స్కూళ్లు మూసేశాక, ఆ పిల్ల నాన్న కాంట్రాక్టు అయిపోయి వాళ్లు వెళ్లిపోయారు. ఏం చెప్పాలో నేను మూడు రోజులు ఇంగ్లీషులో బట్టీపట్టాను. తలుపు నేను తెరిచాను, మేకు నేను కొట్టాను, నువ్వు చాలా మంచిదానివి. మూడే ముక్కలు. బయల్దేరే రోజు కారు డిక్కీలో పెట్టెలు సర్దుతున్నారు, వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని ఏదో అంటోంది, తమ్ముడు మా అమ్మాయి సైకిలెక్కి దిగనంటున్నాడు. ఆ పిల్ల నా ముందుకొచ్చి వంగింది. "హ్యాపీ జర్నీ" అన్నాను.

అడిగితే వాళ్ల నాన్న ఈమెయిల్ మా ఆయన దగ్గర దొరుకుతుందేమో. రాయడానికి కూర్చున్నాను కూడా, ఒకసారి కాదు. కానీ ఎవరికి రాయను? ఇరవయ్యేళ్ల అమ్మాయి ఎవరో చదివి, పర్లేదు ఆంటీ, నాకసలు గుర్తే లేదు అని జవాబు రాస్తుంది. ఆ అమ్మాయి క్షమించి ప్రయోజనం లేదు. చీపురు నేల మీద పెట్టి నా బదులు తల వంచింది ఎనిమిదేళ్ల పిల్ల, ఆ పిల్లకి ఆ సాయంత్రమే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు ఏ దేశం వెళ్లి వెతికినా ఆ పిల్ల లేదు.